చెయ్యి ఇడసొద్దు

గుండ్లకేరిలో లారీ కింద మొదట పడింది ఒక మేక. ఆ తరువాత ఒక లేగదూడ. మేక చచ్చిన రోజు ఊరు తిట్టి ఊరుకుంది. దూడ చచ్చిన రోజు రాళ్ళు పట్టుకుంది. రెండుసార్లూ లారీ హంపన్నది కాదు. అయినా ఆ రెండు రోజులూ హంపన్నకు ముద్ద దిగలేదు. మేక అయింది, దూడ అయింది, ఇక మిగిలింది ఏమిటన్న ఆలోచన ఒకసారి తలలో దూరాక మళ్ళీ బయటికి పోలేదు.

హంపన్న ఆ ఊరివాడే. ఇనుపరాయి మోసే లారీకి డ్రైవరు. యశ్వంతనగర్ పైకొండల్లో తవ్విన రాయిని రైలుకట్ట దాకా దించడం అతని పని. బళ్ళారి సీమ మైసూరు రాష్ట్రంలో కలిసిన కొన్నేళ్ళకు గనుల పని జోరందుకుంది. అంతకు ముందు ఎద్దులబండ్లు నడిచిన బాటనే కాస్త వెడల్పు చేసి లారీలకు విడిచారు. ఆ బాట గుండ్లకేరి నడుమ నుంచి పోతుంది. ఇళ్ళు ఒక పక్క, మంచినీళ్ళ బావీ బడీ ఇంకో పక్క. కొండ దిగిన లారీ ఊరి మొదట్లో ఒక మలుపు తిరిగి, అదే వాలులో ఇళ్ళ ముందుకు వస్తుంది. రాయి నింపిన లారీ వాలులో ఎంత మొండిదో డ్రైవరుకు తెలుసు. ఊరికి తెలియదు.

రోజూ ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి హంపన్న అరచేతులు చెమటపట్టేవి. రబ్బరు బూర హారను పిసుకుతూనే ఉండేవాడు. దారిన పోయేవాళ్ళు హారను విని తొలగేవాళ్ళు కాదు. వెనక్కి తిరిగి, వచ్చేది ఎవరి లారీనో చూసి, "మన హంపన్నే" అని నవ్వి నింపాదిగా కదిలేవాళ్ళు. అందరికంటే నింపాదిగా కదిలేది అతని తల్లి దురుగమ్మ.

ఒకరోజు ఇంటికి రాగానే ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"దోవ నడిమధ్యన నడిచేది ఏందమ్మా? వారగా నడవకూడదా?"

"వార యాడుండాదిరా? చూపించు నాకు." దురుగమ్మ వక్కాకు నములుతూనే అడిగింది. "ఆ పక్క జాలితుమ్మ ముండ్లు. ఈ పక్క మీ లారీలు రాల్చిన రాళ్ళు. ఉత్తకాళ్ళతో నేను యాడ నడవల్ల?"

"లారీ వస్తే?"

"వస్తే రానీ. ఎద్దులబండి ఎదురొస్తే ఎద్దు మనిషిని చూసి నిలబడతాది. ఎద్దుకుండే బుద్ధి నీ లారీకి లేదా?"

"లేదమ్మా. దానికి బుద్ధి లేదు."

"అట్లాంటిదాన్ని ఊర్లోకి ఎందుకు తోలుకొస్తాండావు మరి?"

హంపన్న భార్య నింగమ్మ పొయ్యి దగ్గర కూర్చుని రొట్టె తడుతూ తల వంచుకుని నవ్వింది. అతనికి నవ్వు రాలేదు.

తోటి డ్రైవర్లకు చెప్పి చూశాడు. ఊళ్ళో నిధానంగా పోండప్పా అని బతిమాలాడు. సోమప్ప అనే డ్రైవరు "అట్లే కానీలే అన్నా" అన్నాడు. ఆ రోజు నిధానంగానే పోయాడు. మర్నాటికి పాత వేగమే. రోజుకు ఇన్ని ట్రిప్పులు కావాలని పైనుంచి తరిమేవాళ్ళు ఉంటే డ్రైవరు మాత్రం ఎన్నాళ్ళు నిధానంగా పోతాడు? అది హంపన్నకూ తెలుసు. తొందర అతన్నీ తరుముతూనే ఉంది.

లారీలకు చెప్పలేకపోతే మనుషులకైనా చెప్పాలనుకున్నాడు.

ఒక శనివారం రైలుకట్ట దగ్గర రాయి దించే జాగా లేక, నింపిన లారీని ఊళ్ళోనే నిలపవలసి వచ్చింది. ఆదివారం పొద్దున హంపన్న గని మేస్త్రీ సుబ్బరాయుడిని అడిగి ఒప్పించి, ఇంటింటికీ తిరిగి జనాన్ని బావి దగ్గరికి రమ్మని పిలిచాడు. ఏదో తమాషా ఉందనుకుని చాలామంది వచ్చారు. హంపన్న దారి నడుమ ఒక సొరకాయ పెట్టాడు. దానికి చాలా ముందుగా, దారి పక్కన ఒక తెల్లరాయి నాటాడు.

"చూడండప్పా. నేను పైనుంచి వస్తాండా. ఈ తెల్లరాయి కాడ బ్రేకు తొక్కుతా. సొరకాయ కాడికి వచ్చేలోపల లారీ నిలబడతాదా, లేదా?"

"నిలబడతాది" అన్నారు అందరూ. అంత దూరంలో ఎందుకు నిలబడదు?

హంపన్న మలుపు దగ్గరి నుంచి వచ్చాడు. రోజూ వచ్చే వేగమే. తెల్లరాయి దగ్గర తన బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. టైర్లు కీచుమన్నాయి. ఎర్రదుమ్ము లేచింది. లారీ సొరకాయను తొక్కి, ఇంకా ముందుకు జారి, బావి గట్టును కూడా దాటి నిలబడింది. దుమ్ము తగ్గాక చూస్తే సొరకాయ గింజలు నేలంతా చిమ్మి ఉన్నాయి. ఎవరి పసిబిడ్డో ఏడుపు అందుకుంది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేదేమో. హంపన్న దిగివచ్చి తల్లిని రెక్క పట్టుకుని లారీ ఎక్కించాడు, తన సీటులోనే కూర్చోబెట్టాడు. కూతురు పాపిని పిలిచి బానెట్టుకు ఆనుకున్నట్టుగా ముందర నిలబెట్టాడు.

"అమ్మా, పాపి యాడుండాది, చెప్పు."

దురుగమ్మ అద్దంలోంచి చూసింది. దారి కనబడింది, బావి కనబడింది, జనం కనబడ్డారు. "యాడుండాదిరా? ఆ గుంపులో ఉండాదా?"

"పాపీ, చెయ్యెత్తు."

బానెట్టు అంచున నాలుగు వేళ్ళు లేచాయి. దురుగమ్మ కెవ్వుమంది. గబగబా దిగివచ్చింది. మనవరాలిని గుండెకు అదుముకుని ఆ ఎండలోనే కూలబడింది. "నా కంటి ముందర ఉన్న బిడ్డ నాకు కనపల్లేదే" అని అదే మాట తిప్పి తిప్పి అన్నది.

ఊరు భయపడింది. హంపన్నకు కావలసిందీ అదే. కాని భయం ఒక్కొక్కరిలో ఒక్కో రకంగా పనిచేస్తుందని అతను అనుకోలేదు. దురుగమ్మ గడప దాటడం మానేసింది. బావికి పోదు, గుడికి పోదు. లారీ చప్పుడు వినబడితే మూలకు పోయి కూర్చుని పాపిని పిలిచేది. మరోవైపు వయసు కుర్రాళ్ళకు అదొక పందెమైంది. తెల్లరాయి దగ్గరికి లారీ వచ్చేదాకా ఆగి, అప్పుడు దారి దాటి చూపించేవాళ్ళు. ఒకడిని హంపన్న లారీ ఆపి, దిగి, చెంప మీద కొట్టాడు. వాడి తండ్రి ఇంటి మీదికి గొడవకు వచ్చాడు.

"దూడను తొక్కింది మేమా? మీ డ్రైవర్లకు చెప్పుకో పో బుద్ధి" అని పక్కింటి యశోదమ్మ కూడా గట్టిగానే అంది. చచ్చిన దూడ ఆమెదే.

"చెప్పినానక్కా. వాళ్ళు ఇనలేదు. మీరన్నా ఇనండి" అన్నాడు హంపన్న. ఆమె ముందర చేతులు జోడించాడు. యశోదమ్మ మెత్తబడింది. ఆమెకు సోముడు అని నాలుగేళ్ళ కొడుకు ఉన్నాడు.

భయపెడితే చాలదని అప్పుడు అర్థమైంది హంపన్నకు. ఎవరికి తగ్గట్టు వాళ్ళకు చెప్పాలి. ముసలివాళ్ళకు మాటలు అక్కరలేదు, కాలు పెట్టేందుకు చోటు కావాలి. ఒక అమావాస్య నాడు పనికి పోకుండా కొడవలి, పార తీసుకుని దారి వార జాలితుమ్మ కంప కొట్టడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి మరికొందరు కలిశారు. సాయంత్రానికి ఇళ్ళ వైపు ఒక కాలిబాట తేలింది. వంకర టింకరగా ఉంది గాని, ముళ్ళు లేవు.

ఆడవాళ్ళ సంగతి నింగమ్మ తేల్చింది. "అటూ ఇటూ చూసి దాటండి అంటావు సరే. నెత్తిన నిండు బిందె పెట్టుకోని తల ఎట్ల తిప్పేది? తల తిప్పితే బిందె పోతాది."

"మరి ఏం చేస్తే బాగుంటాది?"

"ఒళ్ళంతా తిరగల్ల. వార కాడ నిలబడి, కాళ్ళతో సహా ఆ పక్కకు ఒకసారి, ఈ పక్కకు ఒకసారి తిరిగి, ఆమైన అడుగెయ్యల్ల."

బావి నుంచి వచ్చే ఆడవాళ్ళంతా దారి అంచున నిలబడి బిందెలతో అటు తిరిగి ఇటు తిరిగితే మగవాళ్ళు నవ్వారు. నవ్వినా వాళ్ళు మానలేదు.

ఇక పిల్లలు. బడి అయ్యవారు పిచ్చయ్య. ఆయన వాళ్ళది గుంటూరు వైపు నుంచి కాలువ భూములకు వచ్చిన కుటుంబం. అన్నదమ్ములు సిరిగేరి దగ్గర వరి పండిస్తుంటే ఆయన బడి పనిలో చేరి ఈ కొండల్లోకి వచ్చాడు. హంపన్న వెళ్ళి అడగగానే ఒప్పుకున్నాడు.

"నువ్వు రావయ్యా, నువ్వే చెప్పు. నేను చెబితే పాఠం అనుకుంటారు, నువ్వు చెబితే నమ్ముతారు."

బడి ముందర ముగ్గుపిండితో దారి గీశారు. ఒకడు లారీ, మిగతావాళ్ళు మనుషులు. నోటితో హారను కొట్టుకుంటూ లారీ వస్తుంది. మనుషులు అంచున ఆగాలి, చూడాలి, దాటాలి. పెద్దపిల్లలు ఇట్టే నేర్చుకున్నారు. చిన్నవాళ్ళే ఆగరు. అంచుదాకా వచ్చి, అవతల అమ్మ కనబడితే చాలు, బాణంలా పోతారు. సోముడైతే లారీ అయినవాడి కాళ్ళకే వెళ్ళి గుద్దుకున్నాడు.

హంపన్న ఆలోచించి చెప్పాడు. "పెద్దోళ్ళు చిన్నోళ్ళ చెయ్యి పట్టుకోండి. అందరూ వరసగా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోని ఒకేసారి దాటల్ల. ఏం జరిగినా చెయ్యి ఇడసొద్దు. ఏమన్నాను?"

"చెయ్యి ఇడసొద్దు!" అని పిల్లలంతా అరిచారు.

అదే మాట ఊళ్ళో పాటలా మారింది. పొద్దునా సాయంత్రమూ పిల్లలు దండలా కదిలి దారి దాటుతుంటే తల్లులు గడపల్లో నిలబడి చూసేవాళ్ళు. హంపన్న మనసు కాస్త కుదుటపడింది. మలుపు దగ్గర చెమట మాత్రం ఆగలేదు.

వానలు పడ్డాయి. కొండ దారి ఎర్రటి అడుసు అయింది. బ్రేకు తొక్కితే బండి నిలబడకుండా జారుతోంది. ఆ రోజు సాయంత్రం సన్నగా తుంపర. హంపన్న లారీని చిన్న గేరులో వేసి, హారను కొట్టుకుంటూ మలుపు తిరిగాడు.

పిల్లలు దారి నడుమ ఉన్నారు.

ఒక చివర పాపి. అప్పటికే అవతలి అంచు అందుకుంది. ఇంకో చివర సోముడు. వాడింకా బడి వైపు అంచు వదలలేదు. నడుమ మిగతా పిల్లలు, దారికి అడ్డంగా కట్టిన తాడులా. హారను వినగానే పాపి ముందుకు లాగింది. సోముడు బెదిరి వెనక్కి లాగి కూర్చుండిపోయాడు. నడుమవాళ్ళు అటూ పోలేక, ఇటూ పోలేక, రెండు చేతులూ చెరొకరికి చిక్కి అక్కడే నిలబడిపోయారు. ఒక్కరూ చెయ్యి వదలలేదు. లారీ వైపు తిరిగిన వాళ్ళ ముఖాలు హంపన్నకు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడ్డాయి.

బ్రేకు తొక్కాడు. లారీ జారింది. ఎడమ పక్క ఇళ్ళు. కుడి పక్క, పిల్లల కంటే కాస్త ముందు, దారి బాగుచేయడానికి పోసిన కంకర కుప్ప. స్టీరింగు కుప్ప వైపు తిప్పాడు. ముందు చక్రం కుప్ప ఎక్కింది. లారీ ఒరిగింది. వెనక ఇనుపరాయి కొండ విరిగిన చప్పుడుతో జారిపోవడం విన్నాడు. ఆ తరువాత ఏమీ వినబడలేదు.

తెలివి వచ్చేసరికి హోస్పేట ఆసుపత్రిలో ఉన్నాడు. కుడికాలు తొడ దాకా కట్టుకట్టి ఉంది. పక్కన మేస్త్రీ సుబ్బరాయుడు కూర్చుని ఉన్నాడు.

"పిల్లోళ్ళు?" అన్నాడు హంపన్న.

"నువ్వు మాట్లాడొద్దప్పా. పండుకో."

"పిల్లోళ్ళు ఎట్లుండారు?"

"అంతా బాగుండారు. నువ్వు పండుకో."

అంత తొందరగా చెప్పిన జవాబును హంపన్న నమ్మలేకపోయాడు. రాయి జారింది ఎటు వైపు? కుప్పకు అవతలనా, ఇవతలనా? పాపిని చూశారా అని అడగాలనుకుని, అడిగితే మేస్త్రీ ముఖం ఏమవుతుందోనని మానుకున్నాడు. ఆసుపత్రి నౌకరును అడిగాడు, అతనికి తెలియదు. మర్నాడు మధ్యాహ్నం నింగమ్మ తలుపులో కనబడేదాకా అతను ఊపిరి సగమే తీసుకున్నాడు. ఆమె ఒక్కతే వచ్చింది. ఆమె కొంగు వెనకకు చూశాడు.

"పాపి యాడ?"

"ఇంట్లో ఉండాది. అత్త ఇడిసిపెట్టలేదు." నింగమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "ఎవురికీ ఏమీ కాలేదు. సోమునికి మాత్రం లాగులాటలో మోచెయ్యి తప్పింది. కట్టు కట్టినారు. నువ్వు దేవుని మాదిరి తిప్పినావంట లారీని. యశోదమ్మక్క నీ పేరు మీద దీపం పెడతాండాది."

హంపన్న ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాక అడిగాడు. "అట్ల నడిమధ్యన ఎందుకు నిలబడిపోయిరి? పరిగెత్తి ఉంటే సగంమంది దాటిపోతా ఉండిరి కదా?"

"నువ్వే చెప్పినావు కదా, ఏం జరిగినా చెయ్యి ఇడసొద్దని."

ఆమె మామూలుగానే అంది. తప్పు పట్టాలని కాదు. హంపన్న ఆ సాయంత్రాన్ని మళ్ళీ తలుచుకున్నాడు. నిజమే. వాళ్ళు దారి నడుమ కట్టేసినట్టు నిలబడింది తన మాట మీద. మొండితనంతో కాదు, అజాగ్రత్తతో కాదు. చెప్పింది చెప్పినట్టు చేశారు.

"ఇప్పుడు ఎట్ల దాటుతాండారు?" అని అడిగాడు.

"ఇంకా గట్టిగా పట్టుకుంటాండారు. భయం కదా."

హంపన్న లేవబోయాడు. కాలు నొప్పికి కేక వేసి పడిపోయాడు. "నింగీ, నువ్వు ఇప్పుడే పో. బిన్నా పో. చెయ్యి పట్టుకోవద్దని చెప్పు. నేను చెప్పింది తప్పని చెప్పు."

"వచ్చి ఇంకా కూచోనే లేదు కదయ్యా."

"పో నింగీ. సోమప్ప వస్తాంటాడు ఆ మలుపు తిరిగి. ఇంకొకడు వస్తాంటాడు. ఆడ కంకర కుప్ప కూడా ఇప్పుడు చెదిరిపోయి ఉంటాది."

నింగమ్మ తెచ్చిన రొట్టెల మూట మంచం మీద పెట్టి, వచ్చిన దారినే బస్సుకు పోయింది.

ఆ తరువాతి రోజులు హంపన్నకు కాలినొప్పి తెలియలేదు. ఆసుపత్రి గోడ అవతల రోడ్డు. లారీ పోయిన ప్రతిసారీ అతను గుండ్లకేరి మలుపు దగ్గర ఉన్నట్టే. ఇప్పుడు బడి విడిచే వేళ, ఇప్పుడు పిల్లలు అంచుకు వచ్చి ఉంటారు, ఇప్పుడు చేతులు కలుపుతూ ఉంటారు. కళ్ళు మూసుకుంటే ఆ ముఖాలే. పక్క మంచం ముసలాయన "ఏమప్పా, మాట్లాడుకుంటావేంది నీలో నువ్వే?" అని అడిగేవాడు.

నింగమ్మ మళ్ళీ వచ్చి చెప్పిన మాటతో, ఈపాటికి పిల్లలు చేతులు వదిలి ఉంటారన్న కాస్త ఆశా పోయింది.

"నేను చెప్తే ఎవురూ ఇనడం లేదు. చెయ్యి పట్టుకుండినందుకే బిడ్డలు బతికినారంటారు. ఇడిసిపెట్టి ఉంటే తలొక దిక్కూ పరిగెత్తి లారీ కింద పడతా ఉండిరంట. నీ మగడు బంగారట్లా మాట చెప్పినాడు, నువ్వు మారుస్తావేంది అని యశోదమ్మక్కే నన్ను కసురుకుండాది."

"నేను మార్చమన్నానని చెప్పలేదా?"

"చెప్పినా. దెబ్బ తగిలి తలకు ఏమన్నా అయ్యిందేమోనంటారు."

హంపన్న నవ్వబోయి నవ్వలేకపోయాడు. సొరకాయ పెట్టి, లారీతో తొక్కించి, తల్లిని ఏడిపించి ఊరి చేత ఒక మాట నమ్మించాడు. ఇప్పుడు నమ్మొద్దంటే ఎవరూ వినేలా లేరు.

ఆ వారం పిచ్చయ్య అయ్యవారు చూడటానికి వచ్చాడు. హంపన్న ఆయన చేతులు పట్టుకున్నాడు.

"అయ్యవారూ, మీరు చెప్పండి. మీ మాట ఇంటారు."

"చెబుతానయ్యా. ఏం చెప్పమంటావు?"

ఏం చెప్పాలి? ఎవరికి వాళ్ళు దాటండంటే చిన్నవాళ్ళు బాణంలా దూసుకుపోతారు. చేతులు పట్టుకోండంటే తాడవుతారు. ఇన్ని రోజులుగా తప్పు, తప్పు అని కొట్టుకున్నాడే గాని, ఒప్పేమిటో తనకూ తెలియదు. ఆ సంగతి హంపన్నకు అప్పుడే తెలిసింది.

పిచ్చయ్య మంచం అంచున కూర్చున్నాడు. "పెద్ద దండ కాబట్టి ఇరుక్కున్నారు. ఇద్దరే అయితే?"

"ఇద్దరే..." హంపన్న కళ్ళు మూసుకుని దారిని చూశాడు. "ఒక పెద్దబిడ్డ, ఒక చిన్నబిడ్డ. ఇద్దరే. అవసరమొస్తే పెద్దోళ్ళు చిన్నోళ్ళను ఎత్తుకోని పరిగెత్తొచ్చు."

"మిగతావాళ్ళు?"

"కదలకూడదు. ఆ ఇద్దరూ ఆ పక్కకు చేరి నిలబడినాకనే ఇంకో ఇద్దరు. అయ్యవారూ, దీంట్లో ఇంకేమన్నా తప్పు ఉంటాదా? బాగా చూడండి. నాకు భయంగా ఉండాది."

పిచ్చయ్య వేళ్ళ మీద పిల్లలను లెక్కపెట్టుకున్నాడు. "ఆలస్యం అవుతుంది. ఆకలి మీద ఉన్న పిల్లలు ఆగుతారా అనేదే భయం. అక్కడ ఎవరో ఒకరు పెద్దవాళ్ళు నిలబడాలి. నేను పొద్దున నిలబడతాను. సాయంత్రం నిలబడదామంటే బడి తలుపులు వేసి వచ్చేసరికే సగం మంది పోయి ఉంటారు."

సాయంత్రం నిలబడే మనిషి ఎవరో హంపన్నకు తట్టలేదు. ఆ మనిషి తనంతట తానే వచ్చింది. పది రోజుల తరువాత నింగమ్మ చెప్పింది. "అత్త దోవ పక్కన కూచుంటాండాది."

"ఎవురు? అమ్మా?"

"ఊఁ. ఇంట్లో కూచోని లారీ చప్పుడు వింటాంటే పానం పోతాండాదంట. కంటికి కనపడితేనే నయమంట. కట్టె పట్టుకోని కూచుంటాది. అయ్యవారు చెప్పినట్లే ఇద్దరిద్దరినీ ఇడుస్తాది. మూడోవాడు కాలు పెడితే కట్టెతో వాయిస్తాది. నిన్న పోస్టాయనను కూడా నిలబెట్టింది, జోడీ లేదు నీకు, ఎవురన్నా వచ్చేదాకా నిలబడు అని."

హంపన్న ఈసారి నవ్వాడు. నవ్వుతూనే అడిగాడు. "లారీ మలుపు తిరిగింది ఆయమ్మకు కనపడుతుందా? కండ్లు సరిగా లేవు కదా?"

"కనపడదు. నేల అదురుతాదంట. లారీ రాకముందే కాళ్ళకు తెలుస్తాదంట."

కట్టు విప్పాక హంపన్న ఇంటికి వచ్చాడు. కాలు కొంచెం కురచ అయింది. కర్ర పట్టుకుని నడిచేవాడు. చేసే పని లేక సాయంత్రాలు తల్లి పక్కన దారి అంచున కూర్చునేవాడు. ఇన్నేళ్ళూ పైనుంచి చూసిన దారిని కింద నుంచి చూశాడు. సోమప్ప లారీ మలుపు తిరిగి వస్తుంటే కూర్చున్న బండ వణికింది, గాలి ముఖాన కొట్టింది. చక్రం అతని తల కంటే ఎత్తున ఉన్నట్టు అనిపించింది. తెలియకుండానే తల్లి భుజం పట్టుకున్నాడు.

"భయపడొద్దురా, పోయిందిలే" అంది దురుగమ్మ.

పిల్లలు ఇద్దరిద్దరుగా దాటారు. సోముడు దెబ్బ తగలని చెయ్యి పాపికి అందించాడు. వెనకవాళ్ళు విసుక్కుంటూ, తోసుకుంటూ, అయినా ఆగారు. ఒక సాయంత్రం ఇద్దరు ఆగలేదు. దురుగమ్మ కట్టె విసిరింది, అది తగలలేదు. వాళ్ళు నవ్వుతూ దాటిపోయారు. అప్పుడు లారీ రాలేదు, అంతే. హంపన్న ఆ పూట అన్నం తినలేదు.

తిరిగి లారీ ఎక్కనని అనుకున్నాడు గాని, చేతనైన పని అదొక్కటే. మేస్త్రీ కబురు పంపాడు. వానలు వెనకబట్టాక ఒక పొద్దున నింపిన లారీతో కొండ దిగాడు. పక్కన క్లీనరు మస్తాను ఉన్నాడు. మలుపు దగ్గర దాదాపు నడకకు తగ్గించి, హారను కొట్టుకుంటూ తిరిగాడు. కాలిబాట మీద ఆడవాళ్ళు బిందెలతో అంచున నిలబడి ఉన్నారు. వాళ్ళ పక్కనే అయ్యవారు చెయ్యి అడ్డం పెట్టి పిల్లలను ఆపి ఉన్నాడు. దారి నడుమ ఒక్క ప్రాణి లేదు. లారీ ఊరు దాటింది.

"ఏమన్నా, చొక్కా అంతా తడిసిపాయె?" అన్నాడు మస్తాను.

హంపన్న చొక్కా అంచుతో ముఖం తుడుచుకునేలోపే తుమ్మలకట్ట వచ్చింది. గుండ్లకేరి అంతే ఊరు. అదే దారి దాని నడుమ నుంచీ పోతుంది. ఇన్నేళ్ళుగా ఆ ఊరి మీదుగా పోయాడు, ఒక్కసారి కూడా ఆ ఊరి గురించి ఆలోచించలేదు.

దారి నడుమ ఒక ఆడమనిషి నెత్తిన జొన్నచొప్ప మోపుతో పోతోంది. మోపు కన్నుల మీదికి వంగి ఉంది. ఆమె వెనక కొంగు పట్టుకుని ఒక చిన్నపిల్ల. హారను కొట్టాడు. ఆమె తొలగలేదు.

హంపన్న లారీ ఆపాడు. కర్ర తీసుకుని కిందికి దిగాడు. కుంటుకుంటూ ఆమె ముందుకు పోయి నిలబడ్డాడు.

ఆమె మోపు కింద నుంచి అతన్ని ఎగాదిగా చూసింది. "ఏందప్పా, దోవ తప్పినావా?"

"లేదక్కా. ఒక మాట చెప్పల్ల."

"ఏం మాట?"

ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి తెలియలేదు. ముళ్ళ నుంచా, మోపు నుంచా, ఆ కొంగు పట్టుకున్న పిల్ల నుంచా? వంగి పిల్లను ఎత్తుకుని, ముందు ఆమెను దారి అంచుకు రమ్మని సైగ చేశాడు. వెనక వాలు మీద సోమప్ప లారీ హారను మోగింది.